బిడ్డల పోషణము – భారవిభాగమున న్యాయము

శ్రీ గురు బసవలింగాయ నమః



ఈ పత్రిక పుటలలో కాయక దాసోహములను గూర్చి మనము పలుమారులు చదువుకొనియున్నాము. కాయకమనగా సత్యశుద్ధమైన కష్టార్జితమనియు, దాసోహమనగా ఆ ఆర్జితమును గురులింగజంగమములకును సమాజమునకును వినయముతో సమర్పించుటయనియు మన పిల్లలు సైతము అప్పగింపగలరు. కాని ఈ రెండు మాటలు మన వంటయింటిలో, మన చిల్లర ఖర్చుల పుస్తకములో ఏ రూపము దాల్చవలెనో మనము అరుదుగా ఆలోచింతుము. మఠమునకు ఇచ్చునప్పుడు దాసోహమును తలంతుము. బిడ్డకు బడిజీతము కట్టునప్పుడు తలంపము. అందుచే ఈ పర్యాయము ఒక గృహవిషయమునే పాఠముగా తీసికొంటిని. బిడ్డలను పెంచుటకగు వ్యయమును, శ్రమను పెద్దలలో ఎవరెవరు ఎంతెంత మోయవలెను? అందరును సమముగా మోయుటయే న్యాయమా? కానిచో న్యాయమునకు కొలబద్ద యేది?

ప్రశ్న స్వరూపము

ఈ ప్రశ్న ఒక్క తావున పుట్టునది కాదు. భార్యాభర్తలిరువురును సంపాదించు ఇంట, ఎవరి జీతము ఏ ఖర్చునకు అను రూపమున పుట్టును. అన్నదమ్ములు కలిసియున్న ఇంట, ఒకరికి ముగ్గురు బిడ్డలు, వేరొకరికి ఒక్కడే యైనప్పుడు పుట్టును. తండ్రి కాలము చేసిన బిడ్డలను పినతండ్రి పెంచునప్పుడు, కాపురము చెడి ఆడపడుచు బిడ్డలతో పుట్టింటికి వచ్చినప్పుడు మరింత తీవ్రముగా పుట్టును. ఒక్కొక్కచోట ఈ ప్రశ్న నోటిలోనే అణగియుండి, భోజనపు పంక్తిలోను, పండుగ బట్టలలోను బయటపడును. మాటగా వెలువడని అన్యాయము పసివారి మనసున ముల్లై నాటుకొనును.

మా ఉపాధ్యాయ వృత్తిలో ఇది మాకు నిత్యానుభవము. ఒక బాలుడు పుస్తకములు లేక బడికి వచ్చినచో, ఆ ఇంట డబ్బు లేదని మొదట అనుకొందుము. విచారించి చూడగా అనేక పర్యాయములు డబ్బు కలదనియు, ఎవరు ఇయ్యవలెనను తగవు తేలలేదనియు తెలియును. పేదరికమువలన కలుగు లోపమునకంటె పెద్దల పంతమువలన కలుగు లోపము బిడ్డను ఎక్కువగా క్రుంగదీయును. ఏలన, పేదరికమును బిడ్డ అర్థము చేసికొనును. తన్ను ఎవరును తమవానిగా లెక్కింపలేదను సంగతిని మాత్రము సహింపజాలడు.

శరణ చరిత్రల ఆధారము

మన పూర్వులు ఈ విషయమున మనకు మార్గము చూపకపోలేదు. మూడు చరిత్రలను స్మరింతము.

మొదటిది బెజ్జ మహాదేవి కథ. పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున ఈ భక్తురాలి చరిత్రను ద్విపదలో గానము చేసినాడు. శివునకు తల్లి లేదు గదా యని ఆమె కలతపడినది. తల్లి ఉన్నచో ఆయనకు జడలు కట్టనిచ్చునా, బూడిద పూసికొననిచ్చునా, విషము త్రాగనిచ్చునా యని వగచి, తానే తల్లియై శివుని శిశువుగా భావించి నలుగిడి, నీళ్లు పోసి, పాలు పట్టి పెంచినది. బిడ్డకు జబ్బు చేసినదని తలచి తల్లడిల్లినది. ఈ కథను మనము వాత్సల్యభక్తికి ఉదాహరణముగా చెప్పుకొందుము. కాని దీనిని తిరుగవేసి చదివినచో మరియొక అర్థము తోచును. శివుని శిశువుగా పెంచుట భక్తి యైనచో, లింగధారియైన శిశువును పెంచుటయు శివసేవయే కావలెను గదా! అట్టి సేవను ‘నీ వంతా, నా వంతా’ యని వాదులాడువారు ఏ సేవను వాదులాడుచున్నారో గ్రహింపవలెను.

రెండవది ఆయ్దక్కి లక్కమ్మ చరిత్ర. ఆమె భర్త మారయ్య కల్యాణమున రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చు కాయకము చేయుచుండెను. ఒకనాడతడు నిత్యావసరమునకు మించి బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. అవసరమునకు మించినది తమ ఇంట చేరరాదని భర్తకు బోధించి, మిగులును తిరిగి అచ్చటనే వేసి రమ్మని పంపెను. ఇందు మనకు రెండు సంగతులు కలవు. ఒకటి, ఇంటి అవసరమెంతయో ఆ ఇల్లాలికి గింజలతో సహా లెక్క తెలియును. రెండు, అవసరము తీరిన పిమ్మట మిగిలినది తనది కాదని ఆమె ఎరుగును. ఈ రెండు సంగతులు కలిపినచో మన ప్రశ్నకు కొలబద్ద దొరకును. దానిని ముందు వివరింతును.

మూడవది నులియ చందయ్య చరిత్ర. గడ్డి కోసి, త్రాళ్లు పేని అమ్ముట ఆయన కాయకము. గడ్డి కోయుచుండగా ఆయన ఇష్టలింగము జారిపడెననియు, తన్ను విడిచిన లింగమును తాను తీసికొనననెననియు, తుదకు ఆ లింగదేవునిచేతనే త్రాళ్లు అమ్మించెననియు చెప్పుదురు. లింగమునకే కాయకము తప్పని ధర్మములో, ‘నేను డబ్బిచ్చితిని, నా పని అయినది’ అను తండ్రికి గాని, ‘బిడ్డలు నీవారు, నీవే చూచుకొనుము’ అను పెద్దకు గాని మినహాయింపు ఎట్లు దొరకును?

నా యింటి సంగతి

ఇతరులకు బోధించుటకు ముందు నేను చేసిన పొరపాటును చెప్పుకొనుట ధర్మము. 2012 సంవత్సరమున నా చెల్లెలు తన ఇద్దరు బిడ్డలతో మా ఇంటికి వచ్చెను. ఆమె భర్త వేరొక కాపురము పెట్టెను. మా తండ్రిగారు అంతకుముందే లింగైక్యులైరి. మా అమ్మ, నేను, నా తమ్ముడు కూర్చుండి ఆలోచించితిమి. ఆ బిడ్డల బడిజీతము, పుస్తకములు, బట్టలు, వైద్యము, తిండి అన్నియు కలిపి నెలకు 5,000 రూపాయలగునని లెక్క తేలెను. ‘మనమిద్దరము మేనమామలము. చెరిసగము’ అని నేను తీర్పు చెప్పితిని. తమ్ముడు ‘సరే అన్నా’ అనెను. నేను న్యాయముగా వ్యవహరించితినని మనసున గర్వపడితిని కూడ.

నాకు అప్పుడు జీతము 30,000 రూపాయలు. తమ్మునిది చిన్న కిరాణా అంగడి. నెలకు 12,000 వచ్చిన గొప్ప. నా ఇంటికి అవసరమైన ఖర్చు 18,000, అతనికి 9,000. అనగా నాకు 12,000 మిగులును, అతనికి 3,000 మిగులును. చెరిసగము చొప్పున ఇరువురము 2,500 ఇచ్చినప్పుడు నాకింకను 9,500 ఉండెను. అతనికి 500 మాత్రమే ఉండెను. ఈ లెక్క నేను అప్పుడు వేయలేదు. బడిలో పిల్లలకు త్రైరాశికము చెప్పు నేను, నా తమ్ముని విషయమున భాగహారముతోనే ఆగిపోతిని.

ఎనిమిది నెలలు గడచెను. ఒకనాడు తమ్ముని కుమార్తె, ఏడవ తరగతి చదువుచున్న పిల్ల, మూడు దినములుగా బడికి పోవుటలేదని నాకు తెలిసినది. ఆ పిల్ల చదువుచుండినది ఒక ప్రయివేటు పాఠశాల. రెండవ వాయిదా జీతము కట్టలేదని ఆమెను తరగతి వెలుపల నిలిపిరట. చెల్లెలి బిడ్డలకు తన వంతు ఒక్క నెలయు తప్పక ఇచ్చుచు, తమ్ముడు తన బిడ్డ జీతమును ఆపుకొనుచుండెను. నాతో చెప్పుకొనుటకు అతనికి సిగ్గు. అన్న చేసిన తీర్పును కాదనుటకు భయము. మా అమ్మ ఆ రాత్రి నన్ను పిలిచి ఇట్లనెను:

‘నాయనా, మానెడు గింజలున్న కుండలోనుంచీ, సోలెడు గింజలున్న ముంతలోనుంచీ చెరి సోలెడు తీసినావు. కుండ తగ్గినట్టే తెలియలేదు. ముంత అడుగు కనపడింది. రెండిట్లోనూ ఒకటే తీసినాను గదా అంటావు. తీసింది చూసినావు గానీ మిగిలింది చూడలేదు.’

అక్షరాభ్యాసము లేని ఆమె మాటతో నా పండిత పరీక్ష సర్టిఫికెట్టు వెలవెలబోయెను. మరునాడే ఆ బడికి పోయి బకాయి కట్టితిని. పిల్ల తిరిగి తరగతిలో కూర్చుండెను గాని, కొన్ని నెలలవరకు నా ముందు తల యెత్తలేదు. తప్పు నాది, తలవంపు ఆ పిల్లది. నాకు ఈ పాఠము నేర్పినది అదియే.

మూడు కొలతలు

భారమును పంచుటకు లోకమున మూడు పద్ధతులు కలవు.

ఒకటి, సమభాగము. తలకింత. ఇది వినుటకు సులభము. తగవు లేకుండ తేలును. సంపాదన, అవసరములు ఇంచుమించు సమానముగా ఉన్నవారి నడుమ ఇది న్యాయమే. భేదమున్నచోట ఇది బలవంతునకు అనుకూలము.

రెండు, ఆదాయమునుబట్టి భాగము. పై ఉదాహరణమున 30,000కును 12,000కును నిష్పత్తి 5:2. ఆ చొప్పున 5,000 రూపాయలలో నా వంతు సుమారు 3,571, తమ్మునిది సుమారు 1,429. ఇది సమభాగముకంటె మేలు. కాని ఇందును ఒక లోపము కలదు. తిండికి, అద్దెకు, మందులకు పోవలసినది పేదవాని ఆదాయములో పెద్ద పాలు, కలవాని ఆదాయములో చిన్న పాలు. ఆదాయమును మాత్రమే చూచు లెక్క ఈ సంగతిని చూడదు.

మూడు, అవసరము పోగా మిగిలినదానినిబట్టి భాగము. ఇదియే లక్కమ్మ కొలత అని నేను పిలుచుకొందును. మొదట ప్రతివారికిని వారి ఇంటి నిత్యావసరమును విడువవలెను. మిగిలినదానిని చూడవలెను. మాకు మిగిలినది 12,000, 3,000, నిష్పత్తి 4:1. కావున 5,000లో నా వంతు 4,000, తమ్మునిది 1,000. అట్లిచ్చిన పిదప నాకు 8,000, అతనికి 2,000 మిగులును. ఇరువురమును మా మిగులులో మూడవ వంతే ఇచ్చినవారమగుదుము. మొత్తము వేరు, త్యాగము సమము. మా వైపు కొలతలో మానికకు నాలుగు సోలలు. అమ్మ చెప్పిన కుండ, ముంతల లెక్కయు ఇదియే.

ఐతే అవసరమను మాటను ఎవరికి వారు సాగదీయరాదు. కొత్త మోటారు వాహనపు వాయిదాను అవసరమని వ్రాసికొని, మిగులు లేదని చెప్పుట లక్కమ్మ ముందు నిలువని లెక్క. అవసరమేదో, ఆడంబరమేదో అందరును కలిసి కూర్చుండి తేల్చవలెను. సంవత్సరమునకొకసారి, బసవజయంతి నాడు అనగా వైశాఖ శుద్ధ తదియనాడు, ఈ లెక్కను తిరిగి చూచుకొనుట మంచిది. ఆదాయములు మారును, బిడ్డలు పెరుగుదురు; ఐదేండ్ల క్రిందటి న్యాయము నేటికి అన్యాయము కావచ్చును.

లెక్కలోనికి రాని పాలు

మా లెక్కలో ఇంకొక తప్పు కూడ ఉండెను. చెల్లెలి వంతును మేము సున్న యని వ్రాసితిమి. ఆమె తెల్లవారుజామున లేచి మా అమ్మకు సేవ చేయుచు, ఇంటి బిడ్డలందరికి వండి పెట్టుచు, సాయంకాలము మిషనుపై రవికలు కుట్టుచుండెను. ఆమె లేనిచో ఆ పనులకు ఎంత జీతమియ్యవలసి యుండెనో మేము తలపనైనను లేదు. ‘మన దగ్గర ఉన్నది’ అని చెప్పుకొంటిమి గాని, ‘మనతో కలిసి మోయుచున్నది’ అని చెప్పుకొనలేదు.

ఇది మా ఒక్క ఇంటి దోషము కాదు. కేంద్ర ప్రభుత్వ గణాంక కార్యాలయమువారు 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, జీతము లేని ఇంటిపనిలో పాల్గొను స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నారు. ఇంటివారిని చూచుకొను పనిలో స్త్రీలకు 134 నిమిషములు, పురుషులకు 76 నిమిషములు. 2021 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఒక రోడ్డు ప్రమాదపు పరిహార వ్యాజ్యమున, గృహిణి శ్రమకు ఆర్థిక విలువ కట్టుట న్యాయమని చెప్పినది. ప్రమాదమున ప్రాణము పోయిన తరువాత కట్టు ఆ విలువను, ఆ ఇల్లాలు కన్నులయెదుట తిరుగుచుండగానే మనమేల కట్టరాదు?

కాయకమనగా డబ్బు తెచ్చు పని మాత్రమే యని శరణులు ఎన్నడును అనలేదు. కావున భారవిభాగము చేయునప్పుడు రెండు పట్టికలు వ్రాయవలెను: ఒకటి రూపాయల పట్టిక, రెండవది గంటల పట్టిక. మొదటిదానిలో తక్కువ మోయువారు రెండవదానిలో ఎక్కువ మోయుచున్నచో వారు ఋణపడినవారు కారు. రెంటిలోను ఎక్కువ మోయువారున్నచో, ఇంటివారందరును వారికి ఋణపడియున్నారు. ఇరువురును ఉద్యోగము చేయుచు, వంటయు బిడ్డల ఆలనయు భార్యకే మిగిలిన ఇండ్లు ఈనాడు అనేకము. ఆ ఇండ్లలోని భర్తలు ఈ రెండవ పట్టికను స్వహస్తముతో ఒక వారము వ్రాసి చూచుట మేలు.

ఆడబిడ్డ – మగబిడ్డ

పెద్దల నడుమ న్యాయము ఒక యెత్తు, బిడ్డల నడుమ న్యాయము ఒక యెత్తు. కుమారుని చదువునకు అప్పు తెచ్చి, కుమార్తె చదువునకు ‘చూతము’ అనుట మన ఇండ్లలో ఇంకను పోలేదు. ఆడబిడ్డకు పెండ్లిఖర్చు ఉన్నది గదా యని సమాధానము చెప్పుదురు. పెండ్లిఖర్చు పెద్దల పరువుకొరకు పెట్టునది; చదువు బిడ్డ బ్రతుకుకొరకు పెట్టునది. మొదటిదానిని చూపి రెండవదానిని కోయుట సరి కాదు.

బసవేశ్వరుడు బాల్యమున ఉపనయనమును నిరాకరించెననుట మనకందరకు తెలిసినదే. తన అక్క నాగమ్మకు లేని సంస్కారము తనకేల యని ఆయన ప్రశ్నించెనని లోకప్రసిద్ధమైన ఐతిహ్యము. ఆ నాగమ్మ కుమారుడే చెన్నబసవేశ్వరుడు. మన ఆచారమున మగశిశువునకును ఆడశిశువునకును ఒకే ఇష్టలింగమును కట్టుదుము. మగబిడ్డకు పెద్దలింగము, ఆడబిడ్డకు చిన్నలింగము అను నియమము ఎచ్చటను లేదు. లింగమున లేని భేదము పుస్తకమున, పాలగ్లాసున, బడిజీతమున ఎచ్చటినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు మనలో ఎవరికిని సమాధానము లేదు.

చట్టము చెప్పునది

ధర్మము చెప్పిన దానిని నేటి చట్టము కూడ చాలవరకు చెప్పుచున్నది. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టము తాను వర్తించువారిలో వీరశైవులను, లింగాయతులను పేరు పెట్టి చేర్చినది. దాని 20వ సెక్షను ప్రకారము బిడ్డలను పోషించుట తండ్రికిని తల్లికిని విధియై యున్నది. మైనరు బిడ్డ తండ్రినిగాని తల్లినిగాని పోషణ కోరవచ్చును. తన్ను తాను పోషించుకొనజాలని అవివాహిత కుమార్తెకు మైనారిటీ తీరిన పిదపయు ఆ హక్కు కలదు.

భాగమెంత యను ప్రశ్నకు న్యాయస్థానములు చూపిన దారి గమనింపదగినది. 2000 సంవత్సరమున సర్వోన్నత న్యాయస్థానము, ఉద్యోగులైన భార్యాభర్తల వ్యాజ్యమున, భర్త ఆదాయము భార్య ఆదాయమునకు ఇంచుమించు రెట్టింపుగా ఉన్నందున, బిడ్డల పోషణమును 2:1 చొప్పున భరింపవలెనని తీర్పు చెప్పినది. 2020 నవంబరులో అదే న్యాయస్థానము పోషణ వ్యాజ్యములకు మార్గదర్శక సూత్రములు విధించుచు, ఉభయులును తమ ఆస్తి, ఆదాయ, వ్యయములను ప్రమాణపత్రముగా దాఖలు చేయవలెననియు, బిడ్డల విద్యావ్యయమును సామాన్యముగా తండ్రి భరింపవలెననియు, తల్లికి తగిన సంపాదన ఉన్నచో నిష్పత్తి ప్రకారము పంచుకొనవచ్చుననియు చెప్పినది. పోషణము అర్జీ పెట్టిన తేదీనుండి లభింపవలెననియు నిర్ణయించినది.

బిడ్డను పోషింపక విడిచిన తండ్రిపై మేజిస్ట్రేటు నొద్ద అర్జీ పెట్టుటకు 1973 నాటి నేరవిచారణ స్మృతిలో 125వ సెక్షను ఉండెను. అందు మొదట నెలకు 500 రూపాయల గరిష్ఠ పరిమితి ఉండెను. 2001లో దానిని తొలగించిరి. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షను దాని స్థానమున అమలులోనికి వచ్చినది. 1987 నాటి న్యాయ సేవా అధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, బాలలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము లభించును. కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీ నడిగిన చాలును.

మా ఇంట మేము మొదటి రెండేండ్లు ఈ మార్గమును త్రొక్కలేదు. ‘మన బిడ్డలను మనము సాకుకొనలేమా? కోర్టుకు పోయిన పరువేమి?’ అంటిమి. ఇదియు పొరపాటే. తండ్రినుండి పోషణము పొందుట ఆ బిడ్డల హక్కు. మా పరువుకొరకు దానిని వదలుకొను అధికారము మాకు లేదు. మేము ఔదార్యమని తలచినది, నా తమ్ముని బిడ్డ తరగతి వెలుపల నిలుచుటకు ఒక కారణమైనది. తరువాత అర్జీ పెట్టితిమి, ఉత్తరువు వచ్చెను, డబ్బు ఒక నెల వచ్చి ఒక నెల రాక నడచెను. ఐనను మాపై భారము తగ్గినది. తమ తండ్రికి తమపై బాధ్యత కలదని న్యాయస్థానము చెప్పెనను ధైర్యము బిడ్డలకు కలిగెను.

మఠము, సమాజము

ఇంటివారందరు మోసినను చాలని భారము కొన్నియెడల ఉండును. అచ్చట దాసోహము ఇల్లు దాటవలెను. కర్ణాటకములో తుమకూరు సమీపమునగల సిద్ధగంగా మఠము ఇందుకు దృష్టాంతము. 2019 జనవరి 21న, 111 ఏండ్ల వయసున లింగైక్యులైన శ్రీ శివకుమార మహాస్వామివారు అచ్చట కులమతభేదము లేకుండ బాలురకు అన్నము, వసతి, విద్య ఉచితముగా అందించిరి. ఏకకాలమున సుమారు పదివేలమంది పిల్లలు ఆ నీడలో ఉండుట లోకమెరిగిన సంగతి. మన ప్రాంతపు చిన్న మఠములు అంత చేయజాలకపోవచ్చును. కాని జాతరకు వెచ్చించు దానిలో కొంత భాగమును తండ్రిలేని బిడ్డల పుస్తకములకు కేటాయింపవచ్చును. ఐతే మఠపు సహాయము సమర్థుడైన తండ్రికి తప్పించుకొను దారి కారాదు. లేనివారికి మఠము ఆధారము. ఉండి ఇయ్యనివారికి మఠము హెచ్చరిక.

సందేహములు – సమాధానములు

ఒకటి: ‘అన్నదమ్ములలో నాకు ఒక్కడే, వానికి ముగ్గురు. వాని బిడ్డలకు నేనెందుకు పెట్టవలెను?’ కలిసియున్నంతకాలము అన్నము, బట్ట, వైద్యము, సామాన్య విద్య ఇంటి బిడ్డలందరికి ఉమ్మడి ఖర్చు. అంతకు మించిన ప్రత్యేక కోరికలు, దూరపు హాస్టళ్లు, కోచింగులు ఎవరి బిడ్డకు వారు పెట్టుకొనవలెను. అవసరము ఉమ్మడి, అధికము స్వంతము.

రెండు: ‘ప్రేమ ఉన్నచోట లెక్క యెందుకు?’ బెజ్జ మహాదేవి లెక్క వేయలేదు, నిజమే. లక్కమ్మ గింజలతో సహా వేసినది. ఇరువురును శివునకు ప్రియులే. బిడ్డ ముందు మనము మహాదేవివలె ఉండవలెను; పెద్దల నడుమ లక్కమ్మవలె ఉండవలెను. లెక్క వేయని ఇంట భారము మాయము కాదు; నోరులేనివారిపై పడును.

మూడు: ‘తండ్రి డబ్బియ్యనిచో బిడ్డను చూపకుండవచ్చునా? చూపనిచో డబ్బు ఆపవచ్చునా?’ రెండును తగవు. బిడ్డ తాకట్టు వస్తువు కాదు. డబ్బు తగవునకు న్యాయస్థానము కలదు. బిడ్డకు తండ్రిని, తల్లిని చూచు అవసరము వేరు.

నాలుగు: ‘ఇంత ఖర్చు పెట్టితిమని బిడ్డకు చెప్పి పెంచిన కృతజ్ఞత కలుగదా?’ కలుగదు, అప్పుపడితినను బాధ కలుగును. దానమునందు ‘నేనిచ్చితిని’ అను భావము మిగులును. దాసోహమునందు ఆ ‘నేను’ కరగవలెను.

పాఠసారము

బిడ్డ పోషణము శివసేవ. కావున ఎవరికిని అందుండి పూర్తి మినహాయింపు లేదు. భారమును తలలనుబట్టిగాక, అవసరము పోగా మిగిలినదానినిబట్టి పంచవలెను. చేతి శ్రమను, గంటలను కూడ లెక్కలో చేర్చవలెను. బిడ్డల నడుమ ఆడ, మగ భేదము పాటింపరాదు. బిడ్డ హక్కును పెద్దల పరువుకొరకు వదలరాదు. బిడ్డ వినునట్లు లెక్క చెప్పరాదు.

ఇంట చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మన ఇంట బిడ్డలకగు నెల ఖర్చు ఎంత? అది ఎవరెవరి చేతినుండి వచ్చుచున్నది?
2. అది ఇచ్చిన పిదప ఒక్కొక్కరికి మిగులునదెంత?
3. బిడ్డల పనికి ఎవరు దినమునకు ఎన్ని గంటలు వెచ్చించుచున్నారు?
4. మన ఇంట సిగ్గుచేతనో, భయముచేతనో ‘సరే’ యని ఊరకున్నవారు ఎవరైనను కలరా?

ఈ నాలుగవ ప్రశ్నను మరువవలదు. నా తమ్ముడు ‘సరే అన్నా’ అన్ననాడు నేను అతని మొగము చూచియున్నచో ఈ పాఠము వ్రాయవలసిన పని ఉండెడిది కాదు. తరగతి వెలుపల నిలిచిన ఆ పిల్ల నేడు తానే ఒక పాఠశాలలో గణితము బోధించుచున్నది. మొన్నటి బసవజయంతికి మా ఇంటి ఖర్చుల లెక్క వ్రాసినది ఆమెయే. తుదివరుసలో ప్రతివారికిని మిగిలినదెంతయో వ్రాసి, దాని క్రింద గీత గీచి, పుస్తకమును మొట్టమొదట మా అమ్మ చేతిలో పెట్టినది.

శరణు శరణార్థి.